పేరు అమెరికాది, ఊరు మెక్సికోది



1996 నవంబరు 24. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, నార్‌ఫోక్ నగరం. డబ్ల్యూసీడబ్ల్యూ అనే రెజ్లింగ్ కంపెనీ నడుపుతున్న పెద్ద పోటీల రాత్రి. ముసుగు వేసుకున్న ఒక జపాన్ కుర్రవాడు రింగ్ వైపు వస్తున్నాడు. పొట్టివాడు. ఆ రోజుల్లో అమెరికన్ టీవీలో కనిపించే మల్లయోధుల పక్కన నిలబెడితే భుజం దాకా కూడా రాడేమో. పేరు అల్టిమో డ్రాగన్. అతని దగ్గర ఎనిమిది ఛాంపియన్‌షిప్ బెల్టులున్నాయి. ఒక మనిషి ఒంటి మీద ఎనిమిది బెల్టులు ఎక్కడ పెట్టుకోవాలి? నడుముకి ఒకటి, భుజాలకి రెండు, మిగతావి చేతుల్లో.

ఆ ఎనిమిదిలో ఒకదాని మీద డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పేరుంది. డబ్ల్యూసీడబ్ల్యూకి బద్ధశత్రువైన కంపెనీ అది. ఆ రెండు కంపెనీలూ ప్రతి సోమవారం రాత్రి ఒకే సమయంలో టీవీలో కార్యక్రమాలు పెట్టి ప్రేక్షకుల కోసం నువ్వా నేనా అని కొట్టుకుంటున్న కాలం. అంతకు ఏడాది ముందు, 1995 డిసెంబరులో, అలుండ్రా బ్లేజ్ అనే మహిళా ఛాంపియన్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ బెల్టు పట్టుకుని డబ్ల్యూసీడబ్ల్యూ కార్యక్రమానికి వచ్చి, టీవీలో అందరూ చూస్తుండగా చెత్తడబ్బాలో పడేసింది. దాని మీద పెద్ద గొడవే జరిగింది. మరి అదే కంపెనీ పేరున్న ఇంకో బెల్టు అదే డబ్ల్యూసీడబ్ల్యూ రింగ్‌లోకి వచ్చి, రే మిస్టీరియో జూనియర్‌తో పోటీకి పణంగా నిలబడితే ఎందుకు అంత గొడవ కాలేదు?

ఆ బెల్టు ఒకటుందని అమెరికాలో చాలామందికి తెలియదు కనుక. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్ అప్పటికి పదిహేనేళ్లుగా ఉంది. ఆ పదిహేనేళ్లలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తన సొంత రింగ్‌లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఈరోజు మీకు ఆ బెల్టు కథే చెప్పాలనుకుంటున్నాను.

మన దగ్గర 1990ల్లో పెరిగినవాళ్లకి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా పిల్లలందరి నోళ్లలో అండర్‌టేకర్, హల్క్ హోగన్ పేర్లే. స్కూల్ బయట బడ్డీకొట్లో ట్రంప్ కార్డులు అమ్మేవారు. ఒక్కో కార్డు మీద ఒక్కో మల్లయోధుడి బొమ్మ, ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు. బరువు అని పిలిస్తే ఎక్కువ బరువున్న కార్డుదే గెలుపు. సన్నవాడి కార్డు చేతికొస్తే ఉసూరుమనేవాళ్లం. ఆ కార్డుల ఆట పిల్లలకి ఏం నేర్పిందో, అమెరికన్ కంపెనీ కూడా సరిగ్గా అదే నమ్మింది. బరువున్నవాడే ఛాంపియన్. తేలికవాడు మధ్యలో కాలక్షేపానికి.

ప్రపంచమంతా అలా లేదు. మెక్సికోలో లూచా లిబ్రె అనే కుస్తీ సంప్రదాయం ఉంది. 1933లో సాల్వదోర్ లుత్తెరోత్ అనే ఆయన మొదలుపెట్టిన సంస్థతో అది స్థిరపడింది. అక్కడ బాక్సింగ్‌లో లాగా బరువుల తరగతులు, వెల్టర్‌వెయిట్, మిడిల్‌వెయిట్, లైట్ హెవీవెయిట్, ఇలా. ఒక్కో తరగతికీ ఒక ఛాంపియన్, ఒక గౌరవం. చిన్న శరీరం ఉన్నవాడు గాల్లోకి లేస్తాడు, తాళ్ల మీద నుంచి దూకుతాడు, కింద ప్రేక్షకుల మధ్య పడతాడు, లేచి మళ్లీ వస్తాడు. ముసుగు వాడి పరువు. పోటీలో ముసుగు పోతే సగం జీవితం పోయినట్టే.

1975లో లుత్తెరోత్ సంస్థ నుంచి కొందరు విడిపోయి యూడబ్ల్యూఏ అనే కొత్త సంస్థ పెట్టారు. ప్రమోటర్ ఫ్రాన్సిస్కో ఫ్లోరెస్. ఆయనతోపాటు రే మెందోసా, పేరున్న మల్లయోధుడు. పాత సంస్థలో పెద్దలకే పెద్దపీట వేస్తున్నారని, కుర్రవాళ్లకి దారి దొరకడం లేదని వాళ్ల బాధ. మెక్సికో నగరం పక్కనే నౌకల్పాన్‌లో ఎల్ తొరేయో దె క్వాత్రో కమీనోస్ అని ఎద్దుల పోరాటాలకు కట్టిన గుండ్రటి మైదానం ఉండేది, పైన గుమ్మటంతో. దాన్నే వాళ్లు తమ అడ్డా చేసుకున్నారు. ఆదివారం వస్తే జనం కిటకిటలాడేవారు.

కొత్త సంస్థకి బయటి దేశాల గుర్తింపు కావాలి. పాత సంస్థ దగ్గర అమెరికాలోని ఎన్‌డబ్ల్యూఏ పేరుతో ఉన్న ప్రపంచ టైటిళ్లు ఉన్నాయి. దానికి దీటుగా ఏదో ఒకటి ఉండాలి కదా. అప్పుడు యూడబ్ల్యూఏకి జపాన్‌లోని న్యూ జపాన్ సంస్థతో స్నేహం, న్యూ జపాన్‌కి న్యూయార్క్‌లోని డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌తో స్నేహం. ఆ స్నేహం ఎంత దూరం వెళ్లిందంటే, న్యూ జపాన్ వ్యవహారాలు చూసే హిసాషి షిన్మా అనే ఆయనకి 1978 నుంచి 1984 దాకా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అధ్యక్షుడన్న హోదా కూడా ఇచ్చారు. పేరుకే ఆ హోదా, నిజమే. అధికారమంతా కంపెనీ యజమాని విన్సెంట్ మెక్‌మాన్ చేతిలోనే ఉండేది. అయినా ఆ పేరుతో చాలా పనులు జరిగాయి. 1978 జనవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తాత్సుమీ ఫుజినామి జూనియర్ హెవీవెయిట్ బెల్టు గెలిచి జపాన్‌కి పట్టుకెళ్లాడు. తర్వాత టైగర్ మాస్క్, డైనమైట్ కిడ్ దాని కోసం ఆడిన ఆటలు ఇప్పటికీ వెతుక్కుని చూసేవాళ్లున్నారు. ఆ దారిలోనే 1981లో మెక్సికోకి ఇంకో బెల్టు వచ్చింది. అదే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లైట్ హెవీవెయిట్.

మొదటి ఛాంపియన్ పెర్రో అగువాయో. జకతెకాస్ రాష్ట్రంలో నొచిస్త్లాన్ ఊరివాడు. అప్పటికి ముప్ఫై అయిదేళ్లు. గొర్రె ఉన్నిలాంటి బొచ్చు తొడుగులు బూట్ల మీద కట్టుకుని వచ్చేవాడు. ముసుగు లేదు. నుదుటి నిండా పాత గాయాల మచ్చలు. గాల్లోకి ఎగిరే విద్య అతనిది కాదు. నేల మీద నిలబడి, రక్తం కారుతున్నా వెనక్కి తగ్గకుండా కొట్టే రకం. 1975లో ఎల్ సాంతో అనే మహానుభావుడితో, మెక్సికోలో దేవుడిలా చూసే వెండి ముసుగు వీరుడితో, తన జుట్టు పందెం కాసి ఓడిపోయి గుండు గీయించుకున్నాడు. ఆ ఓటమి అతన్ని పెద్దవాణ్ని చేసింది. సాంతోతో అంత దూరం వెళ్లినవాడంటే మామూలోడు కాదని జనం అనుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలన్నది ముందే నిర్ణయమవుతుందని ఈరోజు అందరికీ తెలుసు. మరి అలాంటప్పుడు ఛాంపియన్‌షిప్‌కి చరిత్ర ఏమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను అనుకునేది ఇది. ప్రమోటర్ బెల్టు ఎవరికిస్తాడు? ఎవరి పేరు గోడ మీద అంటిస్తే టికెట్లు తెగుతాయో వాళ్లకి. ఎవరు చెప్పిన రోజుకి చెప్పిన ఊరికి వచ్చి, జ్వరం వచ్చినా మోకాలు వాచినా ఆట ఆపకుండా ఆడతారో వాళ్లకి. అందుకే ఆ పేర్ల వరుస ఒక నమ్మకాల వరుస. ఏ ఏడాదిలో ఏ ఊరి జనం ఎవరిని నెత్తిన పెట్టుకున్నారో అందులో తెలుస్తుంది. గెలుపు ఓటములు ముందే రాసిపెట్టవచ్చు, కింద పడితే తగిలే దెబ్బని మాత్రం ఎవరూ రాసిపెట్టలేరు. ఆ సంగతి ఈ కథలోనే ముందుకెళ్లాక చూస్తాం.

అగువాయో ఈ బెల్టుని పోగొట్టుకుని, మళ్లీ గెలిచి, మళ్లీ పోగొట్టుకుని చాలా ఏళ్లు దానితోనే బతికాడు. ఫిష్‌మన్ వచ్చాడు. విల్లానో మూడు వచ్చాడు. విల్లానోలు అయిదుగురు అన్నదమ్ములు, సంస్థ పెట్టినవాళ్లలో ఒకరైన రే మెందోసా కొడుకులు. ఒకే రకం ముసుగులు వేసుకుని నంబర్లతో పిలిపించుకునేవారు. వాళ్లలో మూడోవాడికి ఈ బెల్టుతో ఎంత అనుబంధమంటే, మెక్సికోలో ఆ తరం అభిమానిని ఈ టైటిల్ గురించి అడిగితే అగువాయో తర్వాత వచ్చే పేరు అతనిదే.

ఈలోగా పైన స్నేహాలు తెగిపోయాయి. 1982లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ని తండ్రి దగ్గర కొన్న చిన్న మెక్‌మాన్ పాత పద్ధతులన్నీ పక్కనపెట్టి దేశమంతా తన కంపెనీయే ఉండాలని బయల్దేరాడు. విదేశీ సంస్థలతో పాత ఒప్పందాలు ఒక్కొక్కటే ముగిశాయి. 1985లో న్యూ జపాన్‌తో సంబంధం పోయింది. జపాన్‌లో ఉన్న జూనియర్ హెవీవెయిట్ బెల్టు అక్కడితో ఆగిపోయింది. న్యూ జపాన్ 1986లో ఐడబ్ల్యూజీపీ పేరుతో తన సొంత జూనియర్ టైటిల్ పెట్టుకుంది. పద్ధతిగా ముగించారన్నమాట.

మెక్సికోలో మాత్రం ఆ పద్ధతి జరగలేదు. యూడబ్ల్యూఏ ఆ బెల్టుని వదల్లేదు. దాని మీద రాసిన పేరుగల కంపెనీతో పని లేకుండానే ఏళ్ల తరబడి ఆడించింది. పేరుకి అమెరికా బిడ్డ, పెరిగింది, ఆడుకున్నది, పెద్దదైంది మాత్రం మెక్సికో పెంపకంలో. కన్నవాళ్లకి ఆ బిడ్డ ఉందన్న ధ్యాసే లేదు. హోగన్, ఆండ్రే లాంటి భారీకాయులతో లక్షల డాలర్లు గడిస్తున్న కంపెనీకి 97 కిలోల లోపువాళ్ల బెల్టు ఎక్కడుంటే ఏమిటి?

ఆ బెల్టు మెక్సికో నుంచి జపాన్‌కి ఎలా వెళ్లిందో చెప్పాలంటే గ్రాన్ హమాద గురించి చెప్పాలి. నా దృష్టిలో ఈ కథలో అసలైన పెద్దమనిషి ఆయనే. జపాన్‌లో గున్మా ప్రాంతంవాడు, 1950లో పుట్టాడు. న్యూ జపాన్ తొలి శిష్యుల్లో ఒకడు. ఎత్తు అయిదున్నర అడుగులు. అక్కడ ఆంటోనియో ఇనోకి లాంటి నిలువెత్తు మనుషుల మధ్య అతనికి చోటెక్కడ? 1975లో మెక్సికోకి పంపించారు. పంపించినవాళ్లు ఏమనుకుని పంపారో కానీ, ఆయనకి అక్కడ ఇల్లు దొరికింది. భాష నేర్చుకున్నాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, యూడబ్ల్యూఏ పెద్ద తారల్లో ఒకడయ్యాడు. అగువాయోతో ఆయన ఆడిన పోటీలు మెక్సికోలోనూ జపాన్‌లోనూ పేరు తెచ్చుకున్నాయి.

1990లో హమాద జపాన్ తిరిగి వచ్చి యూనివర్సల్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టాడు. జపాన్‌లో లూచా లిబ్రె ఆడించే మొదటి సంస్థ అది. పెద్ద సంస్థల శిక్షణాలయాల్లో "నీ ఎత్తు సరిపోదు" అనిపించుకుని తిరిగొచ్చిన కుర్రాళ్లంతా అక్కడికి చేరారు. ఇవాతె రాష్ట్రం మొరియోకా నుంచి మసనోరి మురకావ అని ఒకడు వచ్చాడు. తర్వాత అతనే ది గ్రేట్ సాసుకె. అదే ఊరి నుంచి తకా అని ఇంకొకడు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది. నగోయా నుంచి యోషిహిరో అసాయి, అతను అంతకు ముందే మెక్సికో వెళ్లి యూడబ్ల్యూఏలో ఆడుతున్నాడు, తర్వాత అల్టిమో డ్రాగన్ అయ్యాడు. ఇంత చిన్న సంస్థ నుంచి ఇంతమంది బయటికి రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

యూనివర్సల్ ఎక్కువ కాలం నిలవలేదు. సాసుకె తన సొంత ప్రాంతానికి వెళ్లి 1990ల మొదట్లోనే మిచినోకు ప్రో అనే సంస్థ పెట్టాడు. టోక్యో మీద ఆధారపడకుండా, ఈశాన్య జపాన్‌లో చిన్న చిన్న ఊళ్లలో, స్కూల్ వ్యాయామశాలల్లో ఆటలు. ఇటు మెక్సికోలో యూడబ్ల్యూఏ చిక్కిపోయి 1995కల్లా మూతపడింది. సంస్థ పోయాక దాని బెల్టులు ఆగిపోవాలి నిజానికి. అవి జపాన్‌లో, హమాద శిష్యుల చేతుల్లో, వాళ్ల స్నేహితుల చేతుల్లో ఆడుతూనే ఉన్నాయి.

1996 వేసవి నాటికి జపాన్‌లో తేలికబరువు టైటిళ్లు లెక్కకు మించి పోగయ్యాయి. ఒక్కో సంస్థకి ఒకటి, కొన్నింటికి రెండు. అందరూ ప్రపంచ ఛాంపియన్లే. ఆగస్టులో న్యూ జపాన్ ఒక సాహసం చేసింది. ఎనిమిది టైటిళ్లు, ఎనిమిదిమంది ఛాంపియన్లు, ఒకే టోర్నమెంటు. ఓడినవాడు తన బెల్టు గెలిచినవాడికి ఇచ్చేయాలి. చివరికి ఒక్కడి దగ్గర ఎనిమిదీ చేరతాయి. దానికి జె-క్రౌన్ అని పేరు పెట్టారు. న్యూ జపాన్ వారి ఐడబ్ల్యూజీపీ ఉంది. 1940ల నుంచి వస్తున్న ఎన్‌డబ్ల్యూఏ టైటిళ్లు రెండున్నాయి. మూతపడ్డ యూడబ్ల్యూఏ టైటిల్ ఉంది. బ్రిటిష్ కామన్‌వెల్త్ అని ఒకటి, దాన్ని ఆడించేది మిచినోకు ప్రో. ఇంకో రెండు, డబ్ల్యూఏఆర్ వారిది, డబ్ల్యూడబ్ల్యూఏ వారిది. ఎనిమిదోది మన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లైట్ హెవీవెయిట్. నలభై అయిదేళ్ల హమాద కూడా తన శిష్యుల వయసువాళ్లతో ఆ టోర్నమెంటులో ఆడాడు.

ఆగస్టు 5న ఫైనల్. టోక్యోలో ర్యోగోకు కొకుగికన్, సుమో పోటీలు జరిగే భవనం. సాసుకె, అల్టిమో డ్రాగన్. హమాద నీడలో పెరిగిన ఇద్దరు. ఆట మధ్యలో సాసుకె తాళ్ల మీదకి ఎగిరి, అక్కణ్నుంచి రింగ్ బయట ఉన్న డ్రాగన్ మీదకి పల్టీ కొట్టాడు. అంచనా తప్పింది. తల నేరుగా వెళ్లి నేలకి కొట్టుకుంది. పుర్రె ఎముక చిట్లింది. చెవిలోంచి రక్తం వచ్చింది. ఆ క్షణంలో ఆట ఆపేయవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. సాసుకె లేచాడు. రింగ్‌లోకి వచ్చాడు. మిగిలిన ఆట ఆడాడు. గెలిచాడు. ఎనిమిది బెల్టులూ అతనివయ్యాయి.

ఆ ఆట వీడియో చూస్తే, పడిన తర్వాత అతని కదలికలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. దెబ్బ తిన్నట్టు నటించడం ఆ వృత్తిలో రోజూ చేసే పని. నటిస్తున్నప్పుడు శరీరానికి ఒక లయ ఉంటుంది. ఇక్కడ ఆ లయ లేదు. అలా ఆడించి ఉండాల్సింది కాదని నేను గట్టిగా అనుకుంటాను. పుర్రె చిట్లిన మనిషిని రింగ్‌లో ఉంచే ఏ బెల్టూ అంత విలువైంది కాదు. అయితే ఈ టైటిల్ చరిత్రని పట్టించుకోనక్కర్లేదనే వారికి నేను చూపించేది కూడా ఆ నిమిషాలే.

అక్టోబరు 11న ఒసాకాలో డ్రాగన్ సాసుకెని ఓడించి బెల్టులన్నీ తీసుకున్నాడు. డ్రాగన్‌కి అప్పటికే డబ్ల్యూసీడబ్ల్యూలో పని ఉంది. అందుకే అవి అమెరికా వచ్చాయి, నార్‌ఫోక్‌లో రే మిస్టీరియో ముందు నిలబడ్డాయి. డిసెంబరు 29న నాష్‌విల్‌లో స్టార్‌కేడ్ పోటీల్లో డ్రాగన్ డీన్ మలెంకోని ఓడించి డబ్ల్యూసీడబ్ల్యూ క్రూయిజర్‌వెయిట్ బెల్టు కూడా గెలిచాడు. అంతకు ముందే మెక్సికో నుంచి ఎన్‌డబ్ల్యూఏ మిడిల్‌వెయిట్ టైటిల్ అతని దగ్గరుంది. మొత్తం పది. పది బెల్టులూ ఒంటినిండా వేసుకున్న డ్రాగన్ ఫోటో ఒకటి రెజ్లింగ్ పత్రికల్లో బాగా తిరిగింది. ఒకప్పుడు న్యూ జపాన్ శిక్షణాలయంలో పొట్టివాడని అవకాశం దొరకని కుర్రవాడు ఇతనే. ఆ పదింటి వైభవం వారం రోజులు. జనవరి 4న టోక్యో డోమ్‌లో జూషిన్ లైగర్ అనే మల్లయోధుడి చేతిలో ఓడి, జె-క్రౌన్ ఇచ్చేశాడు.

1997లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి మెలకువ వచ్చింది. డబ్ల్యూసీడబ్ల్యూలో మిస్టీరియో, మలెంకో, డ్రాగన్ లాంటి చిన్న శరీరాలవాళ్లు ఆడే ఆటలకి జనం లేచి నిలబడుతున్నారు. మనకీ అలాంటి విభాగం కావాలనుకున్నారు. జులై 6న కెనడాలో కాల్గరీలో ఇద్దర్ని తీసుకొచ్చి ఆడించారు. ఎవరిని? సాసుకెని, తకాని. మొరియోకా కుర్రాళ్లిద్దర్నీ. సరిగ్గా అదే తేదీన జపాన్‌లో సప్పోరోలో ఎల్ సమురాయ్ లైగర్‌ని ఓడించి జె-క్రౌన్ తీసుకున్నాడు, అందులో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లైట్ హెవీవెయిట్ బెల్టూ ఉంది. కంపెనీ కెనడాలో తన లైట్ హెవీవెయిట్ విభాగానికి పునాది రాయి వేస్తున్న రోజున, ఆ కంపెనీ పేరున్న టైటిల్ జపాన్‌లో చేతులు మారింది.

ఆగస్టు 10న నగోయాలో షింజిరో ఒతాని సమురాయ్‌ని ఓడించాడు. అతనే ఆ పాత వరుసలో చివరివాడు. తమ బెల్టు తమకి కావాలని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అడిగింది. పదహారేళ్ల తర్వాత అడిగింది. నవంబరు 5న ఒతాని ఐడబ్ల్యూజీపీ టైటిల్ ఉంచుకుని మిగతా ఏడూ వదిలేశాడు. జె-క్రౌన్ అక్కడితో సరి. ఒతాని మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆ తర్వాత పాతికేళ్లు ఆడాడు. 2022 ఏప్రిల్‌లో, అదే ర్యోగోకు కొకుగికన్‌లో, ఒక ఆటలో మెడ వెన్నుపూసకి దెబ్బ తగిలి శరీరం చచ్చుబడిపోయింది.

1997 డిసెంబరు 7న మసాచుసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో టోర్నమెంటు ఫైనల్ పెట్టి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తన "మొదటి" లైట్ హెవీవెయిట్ ఛాంపియన్‌ని ప్రకటించింది. తకా మిచినోకు. బ్రయాన్ క్రిస్టఫర్‌ని ఓడించాడు. కంపెనీ అధికారిక జాబితా ఆ రోజుతోనే మొదలవుతుంది. అగువాయో లేడు, విల్లానో లేడు, సాసుకె లేడు, ఒతాని లేడు.

నా అభ్యంతరం ఇక్కడే. ఒక కంపెనీ తన రికార్డు ఎక్కడ మొదలుపెట్టుకోవాలో తన ఇష్టం అనవచ్చు. లేనిదాన్ని లేదంటే ఎవరికీ పేచీ లేదు. కానీ మా పేరున్న వస్తువు మాకు తిరిగివ్వండని అడిగి తీసుకున్నవాళ్లు, ఆ వస్తువు అన్నాళ్లు ఎక్కడుందో, ఎవరు దాన్ని బతికించారో కూడా రాయాలి. అడిగి తీసుకోవడంలోనే అది ఉందని ఒప్పుకున్నట్టయింది కదా!

ఇంకో సంగతి చూడండి. జాబితాలోంచి తీసేసినంత మాత్రాన ఆ పదహారేళ్లు పోలేదు. మొదటి ఛాంపియన్‌గా రాసుకున్న తకా ఎవరు? హమాద యూనివర్సల్‌లో అరంగేట్రం చేసి, సాసుకె మిచినోకు ప్రోలో ఎదిగినవాడు. 1998 మార్చి 29న బోస్టన్‌లో రెజిల్‌మేనియా పద్నాలుగులో అతను ఆ బెల్టుని ఎవరి మీద నిలబెట్టుకున్నాడు? అగిలా అనే మెక్సికో ముసుగువీరుడి మీద. ఒక జపాన్ కుర్రవాడు, ఒక మెక్సికో కుర్రవాడు, మధ్యలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లైట్ హెవీవెయిట్ బెల్టు. హమాద, అగువాయోల కాలంలో ఎల్ తొరేయోలో జనం చూసింది ఇదే.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేయవచ్చు. 1998 అక్టోబరులో క్రిస్టియన్ అనే కొత్త కుర్రవాడు ఆ కంపెనీలో తన మొట్టమొదటి ఆటలోనే తకా దగ్గర బెల్టు తీసుకున్నాడు. నవంబరులో అది డ్వేన్ గిల్‌కి వెళ్లింది. డబ్ల్యూసీడబ్ల్యూలో వెలిగిపోతున్న గోల్డ్‌బర్గ్‌ని వెక్కిరించడానికి గిల్‌బర్గ్ అని పేరు పెట్టి తయారుచేసిన హాస్యపాత్ర అతనిది. గిల్ తన పని తాను నిజాయితీగా చేశాడు, అతన్ని అనడానికి ఏమీ లేదు. కానీ బెల్టు అతని దగ్గర పదిహేను నెలలు ఉండిపోయింది, ఆడించేవారే లేక. అధికారిక జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ కాలం ఛాంపియన్‌గా ఉన్నది అతనే. అగువాయో నెత్తురోడిన టైటిల్‌కి ఈ గతి పట్టడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

2000 ఫిబ్రవరిలో ఎస్సా రియోస్ దాన్ని గెలిచాడు. ముసుగు తీసి పేరు మార్చుకున్న అగిలాయే అతను. మార్చిలో డీన్ మలెంకో గెలిచాడు. నాష్‌విల్‌లో డ్రాగన్ చేతిలో ఓడిన రాత్రి, అతను గెలిచి ఉంటే జె-క్రౌన్‌తోపాటు పాత లైట్ హెవీవెయిట్ బెల్టు కూడా అతనిదయ్యేది. మూడేళ్లు దాటాక కొత్తది దొరికింది. మలెంకో చేతిలో ఉన్నన్ని నాళ్లు దానికి కొంత మర్యాద వచ్చింది. పట్టు మీద పట్టు వేస్తూ, తొందర లేకుండా, ఎదుటివాడి కాలినో చేతినో పని పట్టే ఆట అతనిది.

2001 మార్చిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ డబ్ల్యూసీడబ్ల్యూని కొనేసింది. దానితోపాటు క్రూయిజర్‌వెయిట్ టైటిల్ వచ్చింది. ఒకే రకం బెల్టులు రెండయ్యాయి. ఆ ఆగస్టులో ఎక్స్-పాక్ అనే మల్లయోధుడు రెండింటినీ ఒకేసారి పట్టుకున్నాడు. అతనికి గాయమై ఆటకి దూరమయ్యాక కంపెనీ క్రూయిజర్‌వెయిట్‌నే ఉంచుకుంది. లైట్ హెవీవెయిట్ గురించి మళ్లీ ఎత్తలేదు. చివరి పోటీ లేదు, వీడ్కోలు లేదు.

ఈ టైటిల్ కోసం ఆడినవాళ్లు తర్వాత ఏమయ్యారు? సాసుకె 2003లో ఇవాతె రాష్ట్ర శాసనసభకు పోటీ చేసి గెలిచాడు. ముసుగు తీయమన్నారు సభలో. ఇదే ముఖాన్ని చూసి జనం ఓటేశారని అతని వాదన. ముసుగుతోనే సభలో కూర్చున్నాడు. విల్లానో మూడు 2000 మార్చిలో అరేనా మెక్సికోలో అత్లాంతిస్ అనే మల్లయోధుడితో ముసుగు పందెంలో ఓడిపోయి, ముఖం చూపించి, పేరు చెప్పి వెళ్లాడు. 2018లో పోయాడు. పెర్రో అగువాయో 2019 జులైలో, డెబ్భై మూడేళ్ల వయసులో పోయాడు. గ్రాన్ హమాద 2025లో. ఎల్ తొరేయోని అంతకు చాలా ముందే కూల్చేశారు.

ఈ పోటీల్లో చాలా వాటి వీడియోలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. బొమ్మ మసకగా ఉంటుంది, వ్యాఖ్యానం స్పానిష్‌లోనో జపనీస్‌లోనో ఉంటుంది. 1980ల్లో అగువాయో ఆడినవి ముందు చూడండి. 1996 ఆగస్టు 5 ఆట ఆ తర్వాత చూడండి. సాసుకె పడే చోటు ముందే తెలుసు కనుక, గుండె దిటవు చేసుకుని చూడండి.